తడి ఇసుక తూకం

థర్జా కాటర్‌మోల్ చేతులకు ఒక గుణం ఉండేది. ఏ వస్తువునైనా ఒక్కసారి ఎత్తితే చాలు, అరపౌండు అటూ ఇటూగా దాని బరువు చెప్పేసేది. ఇంగ్లండులో, సఫోక్ తీరంలో మా చిన్న రేవులో చేపలకు ఉప్పు పట్టించే కొట్టం ఒకటుండేది. అక్కడ ఇరవై రెండేళ్ళు ఆమె పని ఉప్పు తూచడం. ఉప్పు తక్కువైతే పీపాలో చేప కుళ్ళిపోతుంది, ఎక్కువైతే కొనేవాడు మొహం చిట్లిస్తాడు. ముసురు పట్టిన రోజుల్లో ఉప్పు గాలిలోని తడి పీల్చుకుని బరువెక్కుతుంది, తక్కెడ చూపించేది నిజం కాదు. అలాంటి రోజు థర్జా గుప్పెడు ఉప్పు తీసి పిండి చూసి, "ఇవాళ ఇంకో చేటెడు వెయ్యండి" అనేది. ఆ మాటకు యజమాని కూడా ఎదురు చెప్పేవాడు కాదు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరువాత జరిగిన తప్పు ఆమె తెలియక చేసింది కాదు. ఊళ్ళో సగంమంది ఇప్పటికీ "పాపం, చేపల కొట్టం మనిషి, విమానాల సంగతి ఆమెకేం తెలుసు" అంటారు. ఆ జాలి వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తడి సంగతి ఆమెకు తెలిసినంతగా ఈ తీరంలో ఇంకెవరికీ తెలియదు.

మొగుడు ఈలై పడవతో సహా మునిగిపోయినప్పుడు ఆమెకు ఇరవై ఆరేళ్ళు. కొడుకు రూబెన్‌కు నాలుగు. ఆ పిల్లవాడు ఉప్పు కొట్టంలోనే, ఖాళీ పీపాల మధ్య పాకి, నడిచి, పెద్దవాడయ్యాడు. 1914లో, జర్మనీతో యుద్ధం వచ్చిన ఏడాది పట్టాళంలో చేరాడు. మరుసటి ఆగస్టులో టర్కీ దేశపు ఒడ్డున చచ్చిపోయాడు. పదిహేడేళ్ళు. పట్టాళం వాళ్ళ లెక్కలో మాత్రం పంతొమ్మిది, ఎందుకంటే వాడు అలా చెప్పుకున్నాడు.

ఆ కబురు అచ్చు కాగితంగా వచ్చింది. ఖాళీల్లో పేరూ తేదీ చేత్తో నింపారు. థర్జా గుమ్మంలో నిలబడే చదివింది, మడిచి ఆప్రాన్ జేబులో పెట్టుకుంది, మధ్యాహ్నం పనికి వెళ్ళింది. ఇరుగుపొరుగు వాళ్ళు వేడివేడి వంటకాలు పట్టుకొచ్చారు. పాదిరి వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏడవమ్మా, ఏడిస్తే మంచిది" అన్నారు అందరూ. ఆమెకు ఏడుపు రాలేదు. దుఃఖాన్ని దిగమింగుకోవడం అంటారే, అదీ కాదు. లోపల మింగడానికి ఏమీ లేదు. టీలో పంచదార వేసుకున్నదీ లేనిదీ తాగాక కూడా తెలిసేది కాదు. ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పేది, అడగకపోతే రోజంతా పెదవి విప్పేది కాదు. ఊళ్ళో ఆడవాళ్ళు ఇది మనసులో పెట్టుకున్నారు. "రాయి" అనుకున్నారు, ఆమె వినేంత దగ్గర్లోనే.

ఆ శీతాకాలానికి మా పడవలన్నిటినీ సముద్రంలో మందుపాతరలు ఏరడానికి నౌకాదళం పట్టుకుపోయింది. చేపలు లేవు, కొట్టం మూతపడింది. ఊరి చివర పాత పడవల షెడ్డులో ఒక కంపెనీ విమానాలు చేయడం మొదలుపెట్టింది, చేపల కొట్టం ఆడవాళ్ళందరూ అక్కడికే చేరారు. తొంభైమంది దాకా ఉండేవాళ్ళు. రెక్కలకు నారగుడ్డ కుట్టేవాళ్ళు కొందరు, ఆ గుడ్డ బిగుసుకోవడానికి వార్నిష్ పూసేవాళ్ళు కొందరు. మేస్త్రీ ఆల్డస్. ముప్ఫై ఏళ్ళు పడవలు చేసిన చేయి, అంతకు రెండింతలు నోరు.

వాళ్ళు చేస్తున్నది ఒక కొత్త యుద్ధవిమానం. ఒకదానిమీద ఒకటిగా రెండు జతల రెక్కలు, ఒక్కడే మనిషి, ముందుకు పేలే తుపాకీ. అలాంటిది అప్పటికి ఒకే ఒక్కటి తయారైంది. పట్టాళం వాళ్ళు చూసి సరేనంటే వందలు చేయమంటారు, వద్దంటే షెడ్డుకు తాళం. దానికి కాగితాలమీద ఏదో అంకె ఉండేది కానీ ఆడవాళ్ళు దాన్ని "పిల్లది" అనేవాళ్ళు. దాన్ని గీసినవాడు ఫెరర్స్ అనే సన్నటి కుర్రాడు, ఇరవై ఆరేళ్ళు. బరువంటే అతనికి పీడ. ప్రతి చెక్కా, ప్రతి తీగా తూచి రాయాలనేవాడు. అందుకే థర్జాను బస్తాలు తూచే తక్కెడ దగ్గర పెట్టారు, మనిషి ఎక్కి నిలబడేంత పెద్దది. ఆమె తూచేది, పలకమీద అంకె రాసేది, పక్కన పెట్టేది. ఆ పనికి మనసుతో అవసరం లేదు, అందుకని బాగానే సాగింది.

ఇక ఇసుక సంగతి. రెక్క ఎంత మోస్తుందో తెలియాలంటే దాన్ని తలకిందులుగా బిగించి, మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. గాలిలో విమానం బరువంతా రెక్కలమీదే కదా వేలాడేది. విమానం నిట్టనిలువుగా కిందికి దిగి మళ్ళీ పైకి లేచేటప్పుడు ఆ బరువు ఎన్నో రెట్లవుతుంది. నలభై బస్తాలు పేరిస్తే పిల్లదాని బరువు ఒకసారి పెట్టినట్టు. పట్టాళం వాళ్ళ షరతు ఆరు రెట్లు, అంటే రెండు వందల నలభై బస్తాలు. బస్తాకు సరిగ్గా ఇరవై ఎనిమిది పౌండ్లు. ఇదివరకు ఇలాంటి పరీక్షలకు సీసం గుండ్ల సంచులు వాడేవాళ్ళట. ఆ జనవరికి దేశంలో సీసమంతా తూటాలకే పోతోంది.

"సముద్రాన్ని గుమ్మంలో పెట్టుకుని ఇసుక కొనుక్కుంటామా?" అన్నాడు ఆల్డస్. "బండ్లు కట్టండి."

పోటు దిగాక ఒడ్డునుంచే తవ్వి తెచ్చారు. ఆ రోజు మంచుతో కలిసిన వాన పడుతోంది. షెడ్డు వాకిట్లో గుట్ట పోశారు. డార్కస్ పారతో సంచుల్లోకి ఎత్తుతోంది, థర్జా తూస్తోంది. డార్కస్ ముగ్గురు పిల్లల తల్లి, మొగుడు ఫ్రాన్సులో కందకాల్లో ఉన్నాడు. నోరు మంచిది కాదు, మనసు మంచిదే.

మొదటి సంచి తక్కెడమీద పెట్టగానే థర్జా గుప్పెడు ఇసుక తీసి పిండింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి.

"ఏంటి, క్రిస్మస్ పుడ్డింగ్ కలుపుతున్నావా?" అంది డార్కస్. "క్రిస్మస్ అయిపోయింది, తల్లీ. చేతులు కడుక్కో."

"తడిగా ఉంది."

"సముద్రపు ఇసుక కదా. పొడిగా ఉంటే అప్పుడు చెప్పు."

"ఏంటక్కడ కబుర్లు?" అని ఆల్డస్ లోపలినుంచి కేకేశాడు. "చీకటి పడేలోగా వంద కావాలి నాకు."

థర్జా చేయి తుడుచుకుంది. ఇది ఆరితే తగ్గుతుందని ఆమెకు తెలుసు. సముద్రపు ఇసుక, ఉప్పు కూడా కలిసి ఉంది, తూకానికి నిలవదు. కొట్టంలో అయితే ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చేది. ఆ రోజు రాలేదు. భయపడి కాదు, బద్ధకించీ కాదు. చెప్పాలనిపించలేదు, అంతే. ఆ శీతాకాలంలో ఆమెకు ఏ మాటా చెప్పదగ్గదిగా అనిపించలేదు. సరిగ్గా ఇరవై ఎనిమిది పౌండ్లు తూచి, మూతి కట్టి, పక్కకు తోసింది. అలా మూడు రోజుల్లో రెండు వందల యాభై బస్తాలు కట్టింది.

వాటిని రెక్కల గదిలో రెండు పొయ్యిల చుట్టూ పేర్చారు. చెక్క జిగురు ఆరాలంటే వెచ్చగా ఉండాలని ఆ పొయ్యిలు రాత్రింబగళ్ళు మండేవి. బస్తాలు అక్కడే పదిహేను రోజులున్నాయి.

పరీక్ష సోమవారం జరిగింది. ప్రభుత్వ తనిఖీ అధికారి ఒకాయన ఉదయం రైలుకు వచ్చాడు. మగవాళ్ళు బస్తాలు అందించుకుంటూ సుద్దతో గీసిన గళ్ళలో ఒక్కొక్కటే పెట్టారు. రెండు వందలు దాటాక రెక్క చివర కిందికి వంగింది, చెక్క సన్నగా మూలిగింది. రెండు వందల నలభయ్యో బస్తా పెట్టి అందరూ వెనక్కి జరిగారు. రెక్క నిలబడింది. అధికారి జేబుగడియారం చూసి, సంతకం చేసి, మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోయాడు. ఫెరర్స్ ఒక మూల కూర్చుని బూట్ల తాళ్ళు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. కుట్టుపని ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. గురువారం నాడు పట్టాళం అధికారుల ఎదుట పిల్లదాన్ని ఎనిమిది వేల అడుగులనుంచి నిట్టనిలువుగా దించాలి. అది కూడా అయిపోతే ఇక పనికి ఢోకా లేదు.

భోజనాల వేళ అందరూ బయటికి వెళ్ళారు. బస్తాలు దించి పెట్టమని థర్జాకు చెప్పారు. ఆమె మొదటిది ఎత్తింది.

చేయి ఉండాల్సినదానికంటే పైకి లేచింది. బస్తాను అలాగే పట్టుకుని నిలబడింది. ఇంకొకటి ఎత్తి చూసింది. తరువాత రెంటినీ తక్కెడ దగ్గరకు తీసుకెళ్ళింది. ఒకటి ఇరవై నాలుగు పౌండ్లు, ఇంకొకటి ఇరవై మూడున్నర. రెక్క ఆరు రెట్లు మోయలేదు. ఐదుకు కాస్త పైన, అంతే. ఆమె గుండె దడదడలాడిందని రాస్తే బాగుంటుంది కానీ అది అబద్ధం. ఆమెకు చీమ కుట్టినట్టయినా లేదు. వెళ్ళి ఆల్డస్‌తో చెప్పింది.

ఆల్డస్ పెట్టెమీద కూర్చుని రొట్టే, చల్లటి పందిమాంసమూ తింటున్నాడు.

"బస్తాలు తగ్గాయి."

"ఎవడు ఎత్తుకెళ్ళాడు?"

"లెక్క తగ్గలేదు. బరువు తగ్గింది. ఇసుక ఆరిపోయింది."

"ఇసుక ఇసుకే. దానికి ఆరడం మారడం ఏంటి?" అన్నాడు కానీ నమలడం ఆపాడు. లేచి వెళ్ళి తక్కెడ చూశాడు. బస్తా మార్చి మళ్ళీ చూశాడు. నాలుగో బస్తాకు రొట్టె మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తూచింది నువ్వేగా," అన్నాడు.

"నేనే."

"అప్పుడు నీ నోరు ఏమైంది?"

ఆల్డస్ తలుపువైపు చూసి గొంతు తగ్గించాడు.

"విను. సంతకం అయిపోయింది. ఆ ఫెరర్స్ బాబు లెక్కలో ఎప్పుడూ కాస్త ఎక్కువే వేస్తాడు, నాకు తెలుసు. ఐదు రెట్లు మోసింది కదా, తక్కువేంటి? గురువారం గడిచిపోనీ. రెండో విమానానికి రెక్క దూలాలు లావు చేయిద్దాం, ఎవరికీ తెలియదు. ఇప్పుడు నువ్వు నోరు తెరిచావంటే తొంభైమంది వీధిన పడతారు. డార్కస్ పిల్లలకు నువ్వు పెడతావా తిండి?"

"పెట్టలేను."

"మరి? వెళ్ళు, బస్తాలు దించు."

వెళ్ళి దించింది. మంగళవారమంతా తూకం పని చేసింది. ఆల్డస్ రెండుసార్లు ఊరికే వచ్చి ఆమెవైపు చూసి వెళ్ళాడు. ఆమె నోరు విప్పదని అతనికి నమ్మకం కుదిరింది. నాలుగు నెలలుగా ఆమెను చూస్తున్నవాడు ఎవడైనా అలాగే నమ్మేవాడు.

బుధవారం ఉదయం క్విల్టర్ వచ్చాడు. పిల్లదాన్ని నడిపేది అతనే. లెఫ్టినెంట్, ఇరవై ఒకటో రెండో ఉంటాయి, చలికి చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. విమానం ఎక్కే మనిషిని కూడా కోటూ బూట్లతో సహా తూచి రాయాలని ఫెరర్స్ నియమం. అతను తోలు కోటు బొత్తాలు పెట్టుకుంటూ వచ్చి బస్తాల తక్కెడమీద నిలబడ్డాడు.

"మిసెస్ కాటర్‌మోల్, నన్ను కూడా మూతి కట్టి మూల పెట్టకండి."

"కదలకండి," అంది ఆమె. ఇనుప తూకపు రాళ్ళు ఒక్కొక్కటే పెట్టింది.

"జేబులో మా అమ్మ పంపిన కేకు ముక్క ఉంది. పౌండుంటుంది. అది తీసేసి రాసుకోండి."

"తీసెయ్యను. రేపు కూడా జేబులోనే ఉంటుందిగా."

"రేపటికెక్కడ ఉంటుంది? రేపు పొద్దున నాకు టీ కూడా దిగదు." నవ్వాడు. "ఆరు రెట్లు మోసిందట కదా. నిజం చెబుతున్నాను, ఆ మాట పట్టుకునే రెండు రోజులనుంచి నిద్రపోతున్నాను."

తక్కెడ ముల్లు నిలిచింది. నూట డెబ్బై ఒకటి. థర్జా పలకమీద అంకె రాసింది.

"మోయలేదు," అంది.

"ఏంటి?"

"రెక్క ఆరు రెట్లు మోయలేదు. బస్తాల్లో తడి ఇసుక నింపాం. పొయ్యిల పక్కన ఆరిపోయింది. ఇరవై ఎనిమిది అని రాసి ఉంది, తూస్తే ఇరవై నాలుగుంది."

ఇది ధైర్యం అని తరువాత పాదిరి చర్చిలో చెప్పాడు. నేనొప్పుకోను. దయ కూడా కాదు. ఆ కుర్రాడిమీద ఆమెకు ఆ క్షణాన ఏ భావమూ లేదు. తక్కెడముందు నిలబడి తప్పు అంకె వింటే సరిచేయడం ఇరవై రెండేళ్ళ అలవాటు, ఆ అలవాటు ఆమెకంటే ముందు మాట్లాడింది. క్విల్టర్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, నవ్వు ఆపాలని అతనికి వెంటనే తట్టలేదు. తరువాత తక్కెడమీదనుంచి మెల్లగా దిగి, "ఫెరర్స్!" అని కేకపెట్టాడు.

ఫెరర్స్ వచ్చాడు. నాలుగు బస్తాలు తూచి, గోడమీద పెన్సిలుతో లెక్క వేశాడు. లెక్క చిన్నదే. వేసినచోటే నుదురు గోడకు ఆనించి కాసేపు నిలబడ్డాడు.

"ఇది ఎవరికి తెలుసు?" అని అడిగాడు.

ఆల్డస్ టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు. థర్జా అతనివైపు చూడలేదు.

"తూచింది నేను," అంది. "తడి అని తెలిసే తూచాను."

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాలనిపించలేదు."

ఆ జవాబును తిట్టడానికైనా పట్టు దొరకాలి కదా. ఫెరర్స్ పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. "సంచులన్నీ విప్పండి. ఇసుక రేకులమీద వేయించండి. నీళ్ళన్నీ పోవాలి. మళ్ళీ ఈవిడే తూస్తుంది," అన్నాడు.

ఆల్డస్ ఏదో గొణిగాడు.

"ఈవిడే," అన్నాడు ఫెరర్స్. "ఈ షెడ్డులో బరువు తెలిసిన మనిషి ఇంకెవరున్నారు చెప్పండి."

ఆ రోజంతా కొలిమి దగ్గర ఇసుక వేయించారు. కబురు షెడ్డంతా పాకింది. ఆడవాళ్ళు థర్జా పక్కనుంచి వెళ్ళేటప్పుడు గౌన్లు దగ్గరికి లాక్కున్నారు. డార్కస్ మాత్రం ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీకైతే ఎవరూ లేరు," అంది. "మాకు పిల్లలున్నారు. కట్టేటప్పుడైనా చెప్పాల్సింది, లేకపోతే అసలు చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పుడు చెప్పడమేంటి?"

"ఆ పార ఇలా ఇవ్వు."

"నీతో మాట్లాడటం కంటే ఈ పారతో మాట్లాడటం నయం," అని పార ఆమె కాళ్ళ దగ్గర పడేసి వెళ్ళింది.

గురువారం పట్టాళం అధికారులు ముగ్గురు మోటారులో వచ్చారు. ఆకాశంలో చూడబోయేది షెడ్డులో చూపిస్తామని ఫెరర్స్ వాళ్ళతో చెప్పాడు, కారణం కూడా దాచకుండా చెప్పాడు. సోమవారం నాటి రెక్కనే మళ్ళీ బిగించారు. క్విల్టర్ తోలు కోటులోనే ఉన్నాడు. విప్పమని అతనికి ఎవరూ చెప్పలేదు. రెక్కకు నాలుగడుగుల దూరంలో నిలబడి బస్తాలు పైకే లెక్కపెడుతున్నాడు.

నూట తొంభై. రెండు వందలు. చెక్క మూలిగింది. రెండు వందల ఐదు, ఆరు. ఒక్కో బస్తాను పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెడుతున్నారు. రెండు వందల పదకొండు, పన్నెండు, పదమూడు. "పధ్నాలుగు," అన్నాడు క్విల్టర్. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. రెక్క మధ్యకు విరిగి, రెండు వందల పైచిలుకు బస్తాలు ఒక్కసారిగా నేలమీదికి జారాయి. షెడ్డంతా ఇసుక దుమ్ము లేచింది.

తరువాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, మీరు దానికోసం ఎదురుచూడకండి. ఫెరర్స్ రెక్క దూలాలు లావు చేశాడు. పిల్లది గంటకు ఏడు మైళ్ళ వేగం పోగొట్టుకుంది, పట్టాళం వాళ్ళు ఇంకెవరి విమానమో ఎంచుకున్నారు. మా పిల్లదాన్ని కోసి కట్టెల్లో వేశారు. షెడ్డుకు తాళం పడలేదు. యుద్ధం అయ్యేదాకా ఆ ఎంచుకున్న విమానానికే రెక్కలు చేసి పంపాం, తొంభైమంది నూట నలభై అయ్యారు. ఆల్డస్ ఇసుక మాటెత్తితే విషయం మార్చేవాడు. థర్జా చివరిదాకా తక్కెడ దగ్గరే పనిచేసింది, ఆ తరువాత పద్దెనిమిదేళ్ళు బతికింది. క్విల్టర్ ఏమయ్యాడంటే నాకు తెలియదు. ఫ్రాన్సు వెళ్ళాడు, అంతవరకే తెలుసు.

కానీ ఆ గురువారం మధ్యాహ్నం గురించి చెప్పాలి. అధికారులు మోటారెక్కాక థర్జా ఖాళీ సంచులకోసం షెడ్డు వెనక్కి వెళ్ళింది. అక్కడ క్విల్టర్ గోడ పట్టుకుని వంగి కక్కుతున్నాడు. ఆమె వెళ్ళి అరచెయ్యి అతని నుదుటికి ఆనించి పట్టుకుంది. పిల్లలు కక్కేటప్పుడు పట్టుకుంటారే, అలా. తల బరువంతా ఆమె చేతిలో పడింది. వెచ్చగా, చెమటతో తడిగా ఉంది.

"నేను దాంట్లో ఉండేవాణ్ణి," అన్నాడు.

"ఉండేవాడివే."

"ఈపాటికి అయిపోయేది."

"అయిపోయేది. ఊపిరి పీల్చు, బాబూ. ఇంకా వస్తే రానీ."

అతను మూతి తుడుచుకుని నిటారుగా నిలబడ్డాడు. సిగ్గుపడ్డాడు. "మా అమ్మకు రాస్తాను మీ గురించి," అన్నాడు. "ఆమె మీకు ఉత్తరం రాస్తుంది, తప్పకుండా రాస్తుంది. ఆమెకు నేనొక్కణ్ణే."

"రాయి," అంది థర్జా.

అతను వెళ్ళిపోయాడు. ఆమె చేయి ఇంకా ఆ ఎత్తులోనే ఉంది, తల బరువు ఇంకా చేతిలోనే ఉన్నట్టుంది. అప్పుడు వచ్చింది ఆమెకు, ఇన్ని నెలల తరువాత. వచ్చింది సంతోషం కాదు. ఎక్కడో కూర్చుని ఉత్తరం చదవబోయే ఆ తల్లిమీద కుళ్ళు. మొహం కూడా తెలియని ఆడదానిమీద, ఒళ్ళు వణికేంత కోపం. నీ కొడుకు తల నా చేతిలో పెట్టి వెళ్ళాడు. నా కొడుకు తల ఎవరు పట్టుకున్నారు? చిరిగిన బస్తా ఒకటి గోడవార పడి ఉంటే దానిమీద కూలబడింది.

డార్కస్ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. మనసులో ఉన్న తిట్లన్నీ ఇంకోసారి తిట్టేద్దామనే వచ్చింది, నాతో తనే చెప్పింది. మూల తిరిగేసరికి థర్జా బస్తామీద ముందుకీ వెనక్కీ ఊగుతోంది. గొంతులోంచి వస్తున్న చప్పుడు మనిషిది అనిపించలేదు. డార్కస్ తిట్లు మరిచిపోయింది.

"థర్జా? ఏడుస్తున్నావా? ఇప్పుడా?" దగ్గరికి వచ్చి భుజం పట్టుకుంది. "ఆ కుర్రాడు బతికాడు కదే. నువ్వే కదా బతికించావు. ఏడుస్తావేంటి?"

థర్జా ఆమె ఆప్రాన్ రెండు చేతులా గుప్పిళ్ళతో పట్టుకుంది.

"మా రూబెన్ దగ్గర కూడా ఎవరో ఒకరు ఉండాల్సింది, డార్కస్. నోరు తెరిచి చెప్పేవాళ్ళు, ఒక్కరు. ఒక్కరు చాలు."